ఏడో కొండ మీద పుడిసెడు నీళ్ళు

అనగా అనగా ఏడు వరసల కొండల కింద చామంతిపురమని ఒక రాజ్యం, దానికి అమరకేతుడని ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరసేనుడు, రెండోవాడు వీరసేనుడు, మూడోవాడు రత్నసేనుడు. వాళ్ళ తర్వాత చాలా ఏళ్ళకి ఒక కూతురు పుట్టింది. పేరు ముత్యాలు, ఏడేళ్ళ పిల్ల. కోటలో ఏ మూల గజ్జెలు గల్లుమన్నా అది ముత్యాలే. అన్నలు ముగ్గురున్నా దానికి చిన్నన్నే కావాలి. అన్నం వాడి పక్కనే తినాలి, జడ వాడే వెయ్యాలి. కత్తి తిప్పే చేతులతో రత్నసేనుడు చెల్లెలికి జడ వేస్తుంటే దాసీలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. వాడు సిగ్గుపడేవాడు కాదు. జడ వంకరగా వచ్చేది, అది వేరే సంగతి.

ఒకనాడు ధూమకేశుడనే మాంత్రికుడు సభకొచ్చాడు. వాడి తల మీద ఉన్నది జుట్టు కాదు, పొగ.

"రాజా, ఆ ఏడు కొండలూ నాకిచ్చెయ్యి" అన్నాడు.

"ఆ కొండల్లో నా జనం ఉన్నారు. వాళ్ళని నీకెలా ఇస్తాను? ఇవ్వను" అన్నాడు రాజు.

మాంత్రికుడికి ఒళ్ళు మండింది. తండ్రి ఒళ్ళో కూర్చున్న ముత్యాల వైపు చూసి చిటికెన వేలు ఆడించాడు. అంతే, గజ్జెల చప్పుడు ఆగిపోయింది. పిల్ల పాదాలు రెండూ రాయైపోయాయి.

"ఇవాళ పాదాలు. నెల తిరిగేసరికి మోకాళ్ళు. రెండో నెలకి నడుము. మూడో నెలకి గుండె. నేను చస్తే తప్ప ఇది ఆగదు. నా ప్రాణం ఏడో కొండ మీద, ఏడు కొమ్మల కొమ్ములున్న కణుజులో ఉంది. చేతనైతే కొట్టుకోండి!" అని నవ్వి, ఆ పొగలోనే కలిసిపోయాడు.

కణుజంటే తెలుసా మీకు? దుప్పికి పెద్దన్న. గుర్రమంత ఎత్తు, గుమ్మానికి పట్టనన్ని కొమ్ములు. పాతకాలపు మాంత్రికులు ప్రాణాన్ని చిలకలో దాచుకునేవాళ్ళు. చిలకైతే ఏముంది, ఏదో ఒకనాటికి దొరికిపోతుంది, మెడ నులిమితే సరి. ధూమకేశుడు తెలివిమీరినవాడు. కొండ మీది కణుజుని వెతికి కొట్టడం ఎవరికి సాధ్యమని వాడి ధీమా.

మొదటి నెల ధీరసేనుడు బయల్దేరాడు. వంద గుర్రాలు, యాభై డప్పులు, వంటవాళ్ళు, వాళ్ళ గిన్నెలు. మొదటి కొండ మీదే గుర్రాల గిట్టలు జారాయి. డప్పుల మోతకి ఏడు కొండల్లో ఉన్న జంతువులన్నీ అవతలి పక్కకి దిగిపోయాయి. నెలాఖరుకి పెద్దవాడు కాలు బెణికి పల్లకీలో తిరిగొచ్చాడు. ముత్యాలు మోకాళ్ళ దాకా రాయైంది.

రెండో నెల వీరసేనుడు బయల్దేరాడు. అన్నకి జరిగింది చూశాడు కనక డప్పుల్లేవు, గుర్రాల్లేవు, ఒక్కడే నడిచి వెళ్ళాడు. బాగానే ఉంది. కానీ రాజకుమారుడాయె, రోజూ ఒంటికి జవ్వాది పూసుకోకపోతే వాడికి తెల్లారదు. ఆ వాసన గాలిలో కలిసి వాడికంటే ముందు కొండెక్కింది. ఏడో కొండ మీద కణుజు గట్టిగా ఒక తుమ్ము తుమ్మి, పొదల్లోకి తప్పుకుంది. నెలాఖరుకి రెండోవాడు తల వంచుకుని తిరిగొచ్చాడు. ముత్యాలు నడుము దాకా రాయైంది.

ఇక మిగిలింది ఒక్క నెల, ఒక్క అన్న.

రత్నసేనుడు చెల్లెలి పక్కన కూర్చుని జడ వేశాడు. ఆవేళ జడ మరీ వంకరగా వచ్చింది.

"చిన్నన్నా, నా గజ్జెలు తీసెయ్యవా? మోగనప్పుడు ఎందుకూ?" అంది ముత్యాలు.

వాడు గజ్జెలు విప్పి, చప్పుడు కాకుండా దూది కుక్కి, నడుముకి కట్టుకున్నాడు. "తిరిగొచ్చి నేనే కడతానమ్మా. అందాకా వీటిని నేను జాగ్రత్త చేస్తాను" అని బయటికొచ్చి, అప్పుడు ఏడ్చాడు.

మొదటి కొండ మొదట్లో వేటగాళ్ళ గూడెం ఉంది. అక్కడ బయన్న అని వేట మానేసిన ముసలి వేటగాడు, అతని మనవరాలు నెమలి ఉంటారు. రత్నసేనుడు చెప్పులు విడిచి, ముసలాయన కాళ్ళకి దండం పెట్టి, సంగతంతా చెప్పాడు.

"తాతా, నాకు విల్లు పట్టడం వచ్చు. వేట రాదు. నేర్పు" అన్నాడు.

బయన్న వాడిని లేవనెత్తాడు. "రాదని తెలిసినోడివి నువ్వొక్కడివే వచ్చావు బాబూ. ఇరవై రోజులు నేర్పుతా. పది రోజులు ఎక్కుదువుగాని" అన్నాడు.

మొదట గాలి నేర్పాడు. పొయ్యి బూడిద చిన్న సంచిలో పోసి ఇచ్చి, "చిటికెడు జారవిడిచి చూడు. బూడిద ఎటు పోతే నీ వాసన అటు పోతది. గాలి నీ మొహానికి కొట్టాల, ఈపుకి కాదు" అన్నాడు. తర్వాత ఓపిక. అది నెమలి నేర్పింది. "అబ్బబ్బ, ఏనుగు నయం దొరబాబూ! ఎండుటాకు మీద అట్టా కాలేస్తే కొండంతా లేచి కూచుంటది" అని నవ్వేది. బండ చాటున పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చోబెట్టేది. ముక్కు మీద చీమ పాకినా కదలకూడదు. వాడు కదిలేవాడు. మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాలి.

పద్దెనిమిదో రోజున వాడి బాణానికి ఒక దుప్పి పడింది. దగ్గరికి వెళ్ళి చూస్తే వాడికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఏడుపొచ్చిందా? రానీ. రానోడికి నేను విల్లియ్యను" అన్నాడు బయన్న. తన సొరకాయ బుర్ర వాడి చేతిలో పెట్టాడు. "ఇదిగో, ఇది మూడో పాఠం. పోయే మనిషి నోట్లో మనం నీళ్ళు పొయ్యమా? ఇదీ అంతే. నువ్వు కొట్టినదాని నోట్లో పుడిసెడు పోసినాకనే నువ్వు తాగాల. నీ గొంతు ఎంత ఎండిపోనీ, ఒక్క గుక్క కూడా ముందు తాగబాక. ఆ పుడిసెడు నీది కాదు, దానిది. ఇంకోటి, కొట్టినోడే మొయ్యాల."

వాడు నీళ్ళు పోశాడు. దుప్పిని భుజాన వేసుకుని కొండ దిగాడు. భుజాలు పుళ్ళు పడ్డాయి గాని, దారిలో ఒకచోట ఆగి చూస్తే కింద లోయ, వాగు, గూడెంలో లేచే వంటపొగ కనిపించి వాడికి ఎందుకో ప్రాణం హాయిగా అనిపించింది. గూడెంలో మాంసం పంచారు. వేటకి వెళ్ళే మగవాడు లేని ఇంటికి మొదటి వాటా ఇవ్వాలని అక్కడి కట్టు. ఆ వాటా ఆకులో పెట్టుకుని ఎవరింటికని అడిగితే బయన్న ఇల్లే చూపించారు. నెమలి తలొంచుకుని అందుకుంది.

"మా అయ్య ఓబన్న గొప్ప వేటగాడు దొరబాబూ. నీ సంగతి లాగానే, ఆ మాంత్రికుడు గూడేన్ని పీడిస్తుంటే ఏడో కొండ కణుజు కోసం పోయినాడు. ఏడేళ్ళాయె, రాలేదు" అంది. వాడు ఆ రాత్రే బాణాలన్నీ నూరి పెట్టుకున్నాడు.

ఇరవై ఒకటో రోజున నీళ్ళ బుర్రతో, బూడిద సంచితో, దూది కుక్కిన గజ్జెలతో బయల్దేరాడు. ఒక కొండ ఎక్కాడు, దిగాడు. రెండో కొండ ఎక్కాడు, దిగాడు. మూడో కొండ దాటాక వాగులు అయిపోయాయి. ఇక బుర్రలో ఉన్నవే నీళ్ళు. నాలుగో కొండ ఎక్కాడు, దిగాడు.

ఐదో కొండ మీద ఒక కొండముచ్చు తన పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల నాలుక బయట పెట్టి రొప్పుతోంది.

"ఓ వేటగాడా, నా బిడ్డకి కాసిని నీళ్ళు పోస్తావా?" అంది కొండముచ్చు.

వాడు పోశాడు. సగం బుర్ర ఖాళీ అయింది.

"నిన్ను చూడగానే చెట్టెక్కి అరిచి కణుజుకి చెప్పాలని మాంత్రికుడి ఆజ్ఞ. నీళ్ళు పోసిన చేతిని చూసి నేనెలా అరుస్తాను? మా వాళ్ళెవరూ అరవరు, పో" అంది కొండముచ్చు.

ఆరో కొండ మీద పొద్దుటి మంచులో ఏదో కదిలింది. బాణం ఎక్కుపెట్టాడు. మంచు తొలగితే అది కణుజే గాని ఆడది, వెనకాల పిల్ల. వాడు విల్లు దించేశాడు.

"నా బిడ్డ మొహం చూసి ఆగావు. అందుకని చెబుతున్నాను. నువ్వు వెతికేవాడు పొద్దున్నే ఏడో కొండ తూర్పు బండ మీద నిలబడతాడు. గాలి పడమటికి పోయేవేళ కింది నుంచి ఎక్కు. ఒకటే చిత్రం, వాడు మా జాతి వాడిలా మేత మెయ్యడు. గూడెం వైపు చూస్తూ నిలబడతాడు" అంది ఆడకణుజు.

ఆ మాట రత్నసేనుడి మనసులో ఉండిపోయింది.

ఏడో కొండ ఎక్కడానికి మూడు రోజులు పట్టింది. నీడ లేదు, చెమ్మ లేదు. ఎండకి పెదాలు పగిలాయి. బుర్ర ఆడిస్తే పుడిసెడు నీళ్ళ చప్పుడు. వాడు తాగలేదు. ముప్ఫయ్యో రోజు పొద్దున బూడిద చిటికెడు జారవిడిచాడు. బూడిద పడమటికి పోయింది. చీమలు పాకినా కదలకుండా బండ చాటున కూర్చున్నాడు. ఎండ పైకొచ్చేసరికి ఏడు కొమ్మల కొమ్ములు కనిపించాయి. కణుజు గూడెం వైపు చూస్తూ నిలబడింది. రత్నసేనుడు చెల్లెల్ని తలచుకుని బాణం వదిలాడు.

కణుజు మోకాళ్ళ మీద కూలింది.

వాడు పరుగెత్తాడు. దగ్గరికి వెళ్ళేసరికి ఎక్కడా లేని దాహం ముంచుకొచ్చింది. నాలుక అంగిలికి అంటుకుపోయింది, కళ్ళు తిరిగాయి. బుర్ర మూత తీశాడు. సరిగ్గా అప్పుడు వెనక నుంచి ముత్యాల గొంతు వినిపించింది.

"చిన్నన్నా, తాగు చిన్నన్నా! దాహంతో నువ్వు ఇక్కడే పడిపోతే నా గజ్జెలు ఎవరు కడతారు? ఒక్క గుక్క తాగి, మిగతాది దానికి పొయ్యి."

చెల్లెలి గొంతే. వాడి చెయ్యి పెదాల దాకా వెళ్ళింది. నీళ్ళ చల్లదనం తగిలింది కూడా. అప్పుడు కింద కణుజు కేసి చూశాడు. అది నాలుక చాపి రొప్పుతోంది. కంటి చివర నీరు.

"ముందు దీనికమ్మా. తర్వాతే నాకు" అన్నాడు వాడు, మాట పెగలక పెగలక. ఉన్న పుడిసెడూ దాని నోట్లో పోసేశాడు. చుక్క మిగల్లేదు.

కణుజు గుటక వేసింది. వేసీ వెయ్యగానే దాని నోట్లోంచి ఏదో బయటికెగిరింది. ఏమిటనుకున్నారు? పచ్చటి చిలక! ఎంత తెలివిమీరినా మాంత్రికులకి పాత అలవాటు పోదు మరి. ఆ చిలక ఏ గొంతులో దూరుదామా అని చుట్టూ తిరిగింది. వేటగాడు ముందు తాగి ఉంటే వాడి గొంతులోకే దూరేది. కొట్టిన చెయ్యే దాహం తీర్చిన ఒంట్లో దానికి మళ్ళీ చోటు లేదు. మూడుసార్లు తిరిగి, ఎండి, చిటికెడు బూడిదై, గాలికి పడమటికి కొట్టుకుపోయింది. దాంతో ధూమకేశుడి పనీ అయిపోయింది.

కణుజు పడిన చోట భుజంలో బాణంతో ఒక మనిషి పడి ఉన్నాడు.

"ఏడేళ్ళ కిందట అప్పటి కణుజుని నేనే కొట్టినా బాబూ" అన్నాడు అతను. "నెమలి గొంతు వినబడింది. 'అయ్యా, తాగు' అంది. ఒక్క గుక్క, ఒక్కటంటే ఒక్క గుక్క ముందు తాగినా. ఆ గుక్కతోనే ఆ చిలక గొంతులో దూరి నేనూ కణుజునైపోయినా."

రత్నసేనుడు బాణం తీసి, ఆకులు నమిలి పసరు పెట్టి కట్టు కట్టాడు. కొట్టినవాడే మొయ్యాలి కదా, ఓబన్నని భుజాన వేసుకుని ఏడు కొండలూ దిగాడు. దారిలో మంచు దొరికిన చోట ఆకుల మీది బొట్లు ముందు ఆయనకి పట్టి, తర్వాత తాను తాగాడు. కాబోయే మామగారిని అన్ని కొండలు మోసిన అల్లుడు ఆ రాజ్యంలో ఇంకెవరూ లేరు. అప్పటికి ఆ సంగతి వాడికీ తెలియదనుకోండి.

గూడెంలో బయన్న కొడుకుని తడిమి తడిమి చూసుకున్నాడు. నెమలి తండ్రిని పట్టుకుని ఏడ్చి ఏడ్చి, ఆ ఏడుపులోనే రత్నసేనుడి పుళ్ళు పడ్డ భుజాలు చూసింది. లోపలికి వెళ్ళి ఇప్పనూనె తెచ్చి రాసింది. ఇక ఇద్దరికీ వేరే మాటలు అక్కర్లేకపోయాయి.

కోటలో ముత్యాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. తన కాళ్ళ మీద తాను!

"ఇన్నాళ్ళా చిన్నన్నా?" అంది మూతి ముడిచి.

వాడు మోకాళ్ళ మీద కూర్చుని, గజ్జెల్లోంచి దూది పీకి, ఆ వెచ్చటి చిన్న పాదాలకి కట్టాడు. పిల్ల ఒక్క గెంతు గెంతింది. ఆ చప్పుడుకి కోటంతా లేచొచ్చింది. రాజు సింహాసనం దిగి వచ్చి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మంచి రోజు చూసి రత్నసేనుడికీ నెమలికీ పెళ్ళి చేశారు. అన్నలిద్దరూ "నువ్వే ఏలాలిరా" అని పట్టుబట్టి తమ్ముడికి పట్టం కట్టించారు. అరవై ఏళ్ళు ఏలాడు. వాడి ఏలుబడిలో వేటగాడు లేని ఇంటికి మొదటి వాటా ఏనాడూ తప్పలేదు. ముత్యాల జడ మాత్రం ఆ తర్వాత నెమలే వేసింది, తిన్నగా.

పెళ్ళి పీటల మీద మంచినీళ్ళ చెంబు అందిస్తే పెళ్ళికొడుకు తాగలేదట. పక్కకి తిరిగి ముందు పెళ్ళికూతురికిచ్చాడు. ఆ పిల్లా తాగకుండా ముసలి బయన్నకిచ్చింది. బయన్న ఓబన్నకి, ఓబన్న ముత్యాలుకి ఇచ్చారు. ముత్యాలు గటగటా తాగేసింది!

కథ తన దారిన తాను అడవికి వెళ్ళిపోయింది. మీరూ లేచి మంచినీళ్ళు తాగండి. ముందు పక్కనున్న వాళ్ళకి ఇచ్చి.