దోసిళ్ళ దిబ్బ

పసుపు మట్టి కొండల నడుమ, లియాంగ్‌పో అనే ఊరికి ఉత్తరాన సుయిన్ అవ్వ గుడి ఉంది. గుడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు. కొండవాలులోకి తొలిచిన ఒక గది, దాని ముందు ఎర్రరంగు వేసిన చెక్క వాకిలి. వసంతకాలంలో పెద్దల సమాధులు శుభ్రం చేసే పండుగ వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ళవారు ఇక్కడికి నడిచి వస్తారు. లోపల అవ్వ విగ్రహం కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటుంది. కొత్తగా వచ్చినవారు ఆమెను ధ్యానంలో ఉన్న సన్యాసిని అనుకుంటారు. ఆమె సన్యాసిని కాదు. సమాధులు దోచే కుటుంబాలకు జోస్యం చెప్పి ముహూర్తాలు పెట్టిన మనిషి.

పూర్వం ఇక్కడ మెంగ్ వంశంవారు, చూ వంశంవారు కొర్రలు పండించేవారు. తక్కిన వేళల్లో పాత రాజుల కాలపు సమాధులు తవ్వి, దొరికిన కంచు పాత్రలూ పచ్చరాళ్ళూ దూరపు పట్టణాల్లో అమ్ముకునేవారు. సుయిన్ ఆ వృత్తిలోనే పుట్టింది. చిన్నతనంలో తండ్రి వెంట ఒక సమాధిలోకి దిగినప్పుడు, అక్కడ పోసి ఉంచిన సున్నం కళ్ళలో పడి చూపు పోయింది. తవ్వడానికి పనికిరాని పిల్లకు మేనత్త మూడు రాగి నాణేలు ఇచ్చి, అవి పడిన తీరును వేళ్ళతో తడిమి శుభాశుభాలు చెప్పడం నేర్పింది. సుయిన్ సరేననందే ఆ కుటుంబాల్లో ఎవరూ గునపం ఎత్తేవారు కాదు. దొరికినదాంట్లో ఆమెకూ వాటా వచ్చేది. తాను చెప్పేది రోజు మాత్రమే, తవ్వేది వాళ్ళు కదా అని మనసుకు సర్దిచెప్పుకునేది. అలాగే తల నెరిసింది.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. ముందుగా పసివాళ్ళు రాలిపోయారు. మెంగ్ కుటుంబ పెద్ద షౌచెంగ్ మనవరాలు కూడా ఆ వేసవిలోనే పోయింది. ఊరు సగం వలసపోయి చూసేవారెవరూ లేకపోవడంతో రెండు వంశాలవారూ పట్టపగలే ఈ కొండలోని సమాధి తవ్వడానికి పూనుకున్నారు. నాణేలు శుభమే పలికాయి. తీరా సమాధి తలుపు తెరిచాక, దిగినవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోయారు. వాళ్ళను పైకి లాగి, లోపలి చెడుగాలి పోయేదాకా ఆగినా ఇంకెవరికీ ధైర్యం చాలలేదు. శుభమని చెప్పినావిడే ముందు దిగాలని చూ ఇంటివారు గొణిగారు. సుయిన్ కాదనలేదు. నడుముకు తాడు కట్టించుకుని దిగింది.

గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచింది. సమాధుల మాట రోజూ పలికిన ఆమె, చిన్ననాటి తరువాత వాటి దరిదాపులకు పోలేదు. శవపేటిక చెక్క ఎప్పుడో పొడైపోయింది. ఒక స్త్రీ ఎముకలు, తలలో పెట్టుకునే సూది ఆమె చేతికి తగిలాయి. ఆ అస్థిపంజరం చేతి వంపులో మరింత చిన్న ఎముకలు, వాటి పక్కన మట్టితో చేసిన బుల్లి కుక్కపిల్ల. దాని చెవి ఒకటి ఆడుకుని ఆడుకుని అరిగి నునుపుదేలింది. సుయిన్ ఆ పక్కనే కూర్చుని బొమ్మను చేతిలోకి తీసుకుంది. ఏముందని పైనుంచి అడిగితే, మెంగ్ పెద్దాయన ఒక్కడినే రమ్మంది.

షౌచెంగ్ దీపంతో దిగాడు. ఆమె బొమ్మను అతని అరచేతిలో పెట్టింది. అతను దాని అరిగిన చెవిని బొటనవేలితో తడిమాడు.

"మా పాపకి మేం ఏమీ పెట్టలేదు, సుయిన్. చాప కూడా చుట్టలేకపోయాం" అన్నాడు.

"ఈ తల్లి పెట్టుకుంది, అన్నా. దీన్ని లాక్కోవడానికి నేను మంచిరోజు చెప్పాను."

అప్పుడే గోడ వెనక సన్నని చప్పుడు సుయిన్ చెవిన పడింది. అరచెయ్యి ఆనిస్తే మట్టి చల్లగా, అంటుకునేలా ఉంది. కొండలో ఎక్కడో నీరు కదులుతోందని షౌచెంగ్‌కు చెప్పింది. బొమ్మను తీసినచోటే పెట్టించి, తన మూడు నాణేలనూ ఆ చిన్న ఎముకల పక్కన వదిలింది.

పైన గొడవ జరిగింది. ఇంట్లో గింజ లేనప్పుడు లోపలి కంచును వదిలి రావడమేమిటని చూ ఇంటివారు నిలదీశారు. షౌచెంగ్ తాను చూసింది చెప్పాడు తప్ప వాదించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని దోసిలితో మట్టి తీసి గోతిలో పోశాడు. బిడ్డ పోయినప్పటి నుంచి ఎవరితోనూ పలకని అతని కోడలు లాన్‌షియాంగ్ వచ్చి, మామగారి పక్కన కూర్చుని తానూ పోసింది. ఆమెను ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కాసేపటికి చూ ఇంటివారూ వంగారు. పొద్దు వాలేలోగా సమాధి మూసుకుంది.

మర్నాడు, కొండ దిగువన నీటికోసం తవ్వాలి, శకునం చూడమని సుయిన్‌ను అడిగారు.

"నాణేలు లేవు. తవ్వి చూడండి" అంది.

సమాధులు వెతకడానికి నేలలో గుచ్చి లోపలి మట్టిని పైకి తీసే గొట్టపు పారలతోనే మట్టి పరీక్షించుకుంటూ తవ్వారు. మొదటి గోతుల్లో దుమ్మే లేచింది. చివరికి చూ ఇంటివారు తవ్విన చోట నీరు పడింది. అటుపై ఆ రెండు వంశాలవారూ బావులు తవ్వి బతికారు. సుయిన్ మళ్ళీ జోస్యం చెప్పలేదు. కొండలో గది తొలిపించుకుని, పోయేదాకా ఆ తల్లీబిడ్డల సమాధికి కాపలా ఉంది.

నేటికీ యాత్రికులు ఆ బావి నీళ్ళు తాగి, దోసెడు మట్టితో కొండెక్కి, గుడి వెనుక సమాధి మీద పోస్తారు. వానలు కరిగించినంతా ఏటా వాళ్ళ దోసిళ్ళే నింపుతాయి కనుక దానికి దోసిళ్ళ దిబ్బ అని పేరు. ఈ ఆవరణలో జోస్యం చెప్పకూడదు, చెప్పించుకోకూడదు. బిడ్డను పోగొట్టుకున్నవారు మాత్రం ఒక మట్టిబొమ్మ తెచ్చి దిబ్బలో పాతిపెడతారు. పోయిన బిడ్డ వట్టి చేతులతో లేదన్న నెమ్మది కలిగి, ఇంటికి చేరాక వాళ్ళకు నిద్రపడుతుందని ఇక్కడివారి నమ్మకం.