గొంగడి కింది చెయ్యి

సిద్ధలింగయ్య స్వామిని ప్రశ్న అడగాలంటే కాస్త గుండె ధైర్యం కావాలి. జవాబు కఠినంగా ఉంటుందని కాదు, జవాబు కంటే ముందు పని తగులుతుంది. మోక్షమంటే ఏమిటి స్వామీ అని అడిగిన ఒక తహసీల్దారు సాయంత్రం దాకా ఆశ్రమం అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీశాడు. ఆయనకు మోక్షం బోధపడిందో లేదో తెలియదు గానీ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. నల్లమల అడవిలో, కొండ నిలువునా చీలి లోయగా దిగిపోయినచోట, అంచుకి ఎడంగా వేసిన నాలుగు రేకుల షెడ్లు. అలాంటి లోయని అక్కడివాళ్ళు లొద్ది అంటారు. అడుగున, బండ కింద, ఊట పక్కన మల్లన్న ఉన్నాడు. వైశాఖ పున్నమికి అటూ ఇటూ కొద్దిరోజులు మాత్రమే ఆయన దర్శనం.

ఆ ఏడు దర్శనాలు మొదలైన రోజు పొద్దున్నే మురహరి వచ్చాడు. రాష్ట్రాన్ని ఏలుతున్న పెద్దాయన తరఫున పత్రికలవాళ్ళతో, టీవీలవాళ్ళతో మాట్లాడే మనిషి. పెద్దాయన్ని పేరుపెట్టి పిలవడం జనం ఎప్పుడో మానేశారు, శత్రువులు కూడా పెద్దాయనే అంటారు. ఎనభైకి దగ్గర పడ్డాడు. మాఘమాసంలో స్నానాల గదిలో కూలబడ్డాడు. అప్పటి నుంచి కుడిచెయ్యి సరిగా లేవదు, మాట తడబడుతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో కొద్దిమందికి తెలుసు. మిగతా రాష్ట్రానికి మురహరి జలుబని చెప్పాడు. జలుబు మరీ ఎక్కువకాలం నిలవదు కాబట్టి తరువాత జ్వరమన్నాడు, జ్వరం తగ్గాక విశ్రాంతి అన్నాడు. ఎన్నికలు దగ్గరకొచ్చాయి. రేపు పొద్దున మైకుల ముందు నిలబడి, పెద్దాయన ఆరోగ్యం భేషుగ్గా ఉంది, మరో ఐదేళ్ళు కూడా ఆయనే నడిపిస్తారు అని చెప్పాలి. మురహరి మనసు ఎందుకో దానికి ఒప్పుకోవడం లేదు. ఒప్పించమని గురువు దగ్గరికి వచ్చాడు.

"విసుగెత్తిపోయింది స్వామీ," అన్నాడు కూర్చుంటూనే. "ఆయన మజ్జిగ తాగితే ఆ వీడియో ముక్కని మెల్లగా తిప్పి తిప్పి చూపిస్తున్నారు, గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నాడని. నవ్వితే మూతి ఎటు పోయిందని చర్చ. శాలువా కప్పితే చర్చ, తీస్తే చర్చ. నిన్నొకాయన టీవీలో కూర్చుని ఆయన వేసుకున్న చెప్పుల్ని చూసి జబ్బు పేరు చెప్పేశాడు. వీళ్ళకి పనీ పాటా లేదా? ఎవరి ఒళ్ళు వాళ్ళది. మనిషి ఒంట్లో సంగతి ఊరందరికీ ఎందుకు చెప్పాలి స్వామీ?"

స్వామి అతణ్ణి ఎగాదిగా చూశాడు. ప్రశ్న వినబడితే ఆయన మొహం చేదుమాత్ర మింగినట్టు అవుతుంది. అప్పుడూ అలాగే అయింది.

"దర్శనమైందా?"

"ఇంకా లేదు."

"ఈ ఏడు ముందు నువ్వే దిగు. పద, నేనూ వస్తా."

లొద్దిలోకి సగం దూరం మెట్లున్నాయి. ఆ తరువాత గోడలాంటి బండ. అక్కడ నడుముకి మోకు కట్టుకుని వేలాడుతూ దిగాలి. ఆ మోకు పట్టే హక్కు పక్కనున్న గూడెంలో ఒక ఇంటివాళ్ళది. తేనె కోసం కొండచరియల మీద వేలాడే మనుషుల్లో ఒక కట్టుబాటు ఉంది. పైన మోకు పట్టేవాడు పెళ్ళాం తోడబుట్టినవాడే అయి ఉండాలి. చెల్లెలి తాళి తెగనివ్వడు కాబట్టి మోకు వదలడని నమ్మకం. మల్లన్న దగ్గరికి దిగే భక్తులందరికీ గూడెంలో బావమరుదులు ఎక్కణ్ణించి వస్తారు? అందుకని అక్కడొక ఆచారం పెట్టుకున్నారు. కలెక్టరైనా కట్టెలమ్మేవాడైనా మోకు పట్టేవాడికి తాంబూలమిచ్చి "బామ్మర్దీ" అని పిలవాలి. ఆడవాళ్ళయితే "అన్నా" అనాలి. అలా చుట్టరికం కలుపుకున్నాకే దిగడం.

బామ్మర్ది కూడా ఊరికే మోకు పట్టడు. పట్టేముందు తన ఒంటి సంగతి అక్కడున్న అందరికీ వినిపించేలా తన నోటితో చెప్పాలి. నిద్రపోయాడా, కల్లు ముట్టాడా, చేతిలో సత్తువ ఉందా. దిగేవాడు విని సరేనంటేనే ముడి బిగుస్తుంది. మురహరి ఏటా వస్తాడు గానీ ఆ మాటలు ఒక్కనాడూ చెవిన వేసుకోలేదు. బామ్మర్ది తన నిద్ర గురించి చెబుతుంటే ఇతను ఫోను పైకెత్తి సిగ్నలు వెతుక్కునేవాడు.

ఆ రోజు ఫోను తీయలేదు. స్వామి పక్కనే ఉన్నాడు కదా.

మోకు పట్టే ముసలాయన ఈదన్న అంచున బండ మీద కూర్చుని ఉన్నాడు. కుడి భుజం మీంచి గొంగడి కప్పుకున్నాడు. వెనకాల ఆయన్ని ఆనుకుని కొడుకు బయన్న. మోకు ఈదన్న ఒళ్ళోంచి వెళ్ళి వెనక చెట్టు మొదలుకి చుట్టి ఉంది. మెట్ల మీద జనం బారు తీరారు. ఎండ అప్పటికే చుర్రుమంటోంది.

మురహరి తాంబూలమిచ్చి "బామ్మర్దీ" అన్నాడు. ఈదన్న నోరు తెరవబోయాడు. వెనక నుంచి బయన్న అందుకున్నాడు.

"మా నాయిన బాగుండాడు సారూ. బాగా నిద్రపోయినాడు. కల్లు ముట్టలా. చెయ్యి ఇనుము మాదిరి ఉండాది. ఏం ఢోకా లేదు."

ముడి బిగించుకోబోయిన మురహరి చెయ్యి ఆగిపోయింది. పాము కాళ్ళు పాముకెరుక అన్నారు. ఆ మాటల్లో తప్పేమీ లేదు, ఒక్కటి కూడా అనుమానించదగ్గది కాదు. అదే అతనికి నచ్చలేదు. అడగకుండానే ఢోకా లేదంటున్నాడంటే ఏదో ఉంది. పైగా వైశాఖం ఎండలో గొంగడేమిటి? పెద్దాయనకి ఏ సభకి ఏ శాలువా, ఏ భుజం మీద కప్పాలో ఎంచి ఇచ్చేది మురహరే.

"ఆయన్ని చెప్పనీ," అన్నాడు.

"నేను చెప్పినా ఒకటే కదా సారూ."

"ఒకటి కాదు. ఆ గొంగడి తియ్యమను, చెయ్యి చూస్తాను."

బయన్న మొహం గంటు పెట్టుకున్నాడు. "ఎన్నేండ్ల నుంచి పడతాండాడు మా నాయిన. ఒక్కరికన్నా గీత పడిందా? పెద్దమనిషిని పట్టుకోని చెయ్యి చూపియ్యమంటే మర్యాదగా ఉంటాదా? దిగేవాళ్ళకి నమ్మకం ఉండాల సారూ."

ఈ జవాబులన్నీ మురహరికి కంఠతా వచ్చు. గడిచిన అనుభవం చూపించడం, అడిగినవాడికి మర్యాద తెలియదనడం, చివరికి నమ్మకం మీదికి తోసేయడం. తానిన్నాళ్ళూ చెప్పింది ఈ వరసలోనే. చెప్పేటప్పుడు ఎంత బాగుంటుందో, నడుముకి మోకు కట్టుకుని వింటుంటే అంత ఒళ్ళు మండింది.

మెట్ల మీంచి ఒకడు విసుక్కున్నాడు. "దిగుతారా లేదా సార్? కాళ్ళు కాలిపోతున్నాయి. పెద్దాయన్ని ఊరికే సతాయిస్తారెందుకు?"

"నువ్వు దిగేటప్పుడు తెలుస్తుంది," అని మురహరి అటు తిరిగి కసిరాడు. మళ్ళీ బయన్న వైపు తిరిగాడు. గొంతు తనకే తెలియకుండా పెరిగింది. "మీ నాయన అంటే నాకూ గౌరవమే. కానీ వేలాడేది నేను. ఆ చెయ్యి ఎలా ఉందో నాకు తెలియాలి."

అన్నాక తన మాట తనకే వినిపించింది. స్వామి వైపు చూసే ధైర్యం చాలక తల దించుకుని మోకు ముడి చూస్తూ నిలబడ్డాడు. స్వామి మాత్రం తుండుగుడ్డతో విసురుకుంటూ ఆకాశంకేసి చూస్తున్నాడు.

ఈదన్న ఎడమచేత్తో గొంగడి లాగి కింద పడేశాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. అవి తెరుచుకోవు, మూసుకోవు. గొంగడి చాటున మోకు పట్టుకుని ఉన్నది బయన్న చెయ్యి. తండ్రి వీపు వెనక దాక్కున్నవాడికి లొద్ది అంచు కనబడదు. అంచు కనబడే తండ్రికి మోకు లేదు. బండకి మోకు ఒరుసుకుంటే ఆపమని కేక వేద్దామన్నా గుట్టు బయటపడుతుంది కాబట్టి ఆయన నోరెత్తకూడదు. ఈ ఏర్పాటు మీద దిగడానికే ఆ జనమంతా ఎండలో బారు తీరింది.

"ఉగాదికే పోయింది బావా," అన్నాడు ఈదన్న. "నా నోటితో నన్ను చెప్పనీలే ఈళ్ళు. నువ్వు ఊరికే కూచో నాయినా, మేం చెప్తాం అన్నారు. కూచున్నా. బొమ్మ మాదిరి కూచున్నా."

"తెలిస్తే మోకు ఇంకో ఇంటికి పోతాది నాయినా," అన్నాడు బయన్న. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడికి తండ్రి మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ప్రేమ ఉంది కాబట్టే మనిషిని తెచ్చి లొద్ది అంచున బొమ్మలా కూర్చోబెట్టాడు.

"పోతే పోనీరా. మనిషి పోతే?" అన్నాడు ఈదన్న. తరువాత మెట్ల మీది జనమంతా వినేలా గొంతు పెంచాడు. "వినండి. కుడిచెయ్యి ఇంక నాది కాదు. కండ్లు బాగుండాయి. మాట బాగుండాది. మోకు నా కొడుకు పడతాడు, అందరి ముందర కూచోని పడతాడు. నేను పక్కన కూచోని ఎప్పుడు వదలాలో ఎప్పుడు ఆపాలో చెప్తా. దిగుతావో మానుకుంటావో నీ ఇష్టం బావా."

మెట్ల మీద ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఉన్నారు. విచిత్రమేమిటంటే, చెయ్యి ఇనుమని విన్నప్పుడు మురహరికి దిగబుద్ధి కాలేదు, చెయ్యి లేదని విన్నాక దిగాలనిపించింది. దిగాడు. పైనుంచి ఈదన్న గొంతు వినిపిస్తూనే ఉంది, వదలరా, ఆపు, ఎడమకి జరుగు బావా, అక్కడ బండ జారుతాది అని. మల్లన్నకి దణ్ణం పెట్టుకుని, ఊట నీళ్ళు నాలుగు దోసిళ్ళు తాగి, పైకి వచ్చాడు.

ఆశ్రమం వైపు నడుస్తుంటే లోపల అణచుకున్న కోపం బయటికొచ్చింది. "మీకు ముందే తెలుసు కదా స్వామీ. తెలిసి నన్ను దిగమన్నారు."

"తెలుసు. దర్శనాలు మొదలవకముందే ఆపించాలని ఆ ఇంటిచుట్టూ తిరిగి తిరిగి నా కాళ్ళు పడిపోయాయి. గుడ్డ కట్టుకోవడం రాని సన్నాసికి మోకు సంగతేం తెలుసన్నారు. నువ్వు గుట్టు పట్టుకుంటావని తెలుసు. పట్టుకోకపోతే ఆపడానికి పక్కనే ఉన్నా కదా."

షెడ్డు దగ్గరికి వచ్చాక మురహరి ఆగాడు.

"మరి రేపు మైకుల ముందు నేనేం చెప్పాలి?"

స్వామికి మళ్ళీ చేదుమాత్ర మింగినట్టయింది. "నువ్వెందుకయ్యా చెప్పడం? ఆయనకి నోరు లేదా?"

"ఉంది. కానీ మాట తడబడుతుంది స్వామీ. అందరూ వింటారు."

"విననీ," అన్నాడు స్వామి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ. "ఇన్నాళ్ళూ తడబడకుండా చెప్పినవాణ్ణే కదా ఎవరూ నమ్మంది."