కురవని ఇంట్లో ఉప్పు

సముద్రం పక్కనున్న ఓ చిన్న రాజ్యంలో ఉప్పమ్ముకునేవాళ్లు ఇంటి అద్దె కూడా ఉప్పుతోనే కట్టేవారు. వాళ్లలో నీలాలు ఒకతె. తాటాకు కప్పు చివికిపోయి ఇల్లంతా కురుస్తుంటే, బాగుచేయించేదాకా అద్దె ఇవ్వనని ఇంటి యజమాని ధర్మలింగంగారికి తెగేసి చెప్పింది.

ఆయన ఉంగరాల చేతులూపుకుంటూ న్యాయాధికారి దగ్గరికి పోయారు.

"కారణం లేకుండా అద్దె ఎగ్గొడితే ఇల్లు ఖాళీ చేయాల్సిందే కదండీ! మా ఇల్లు చుక్క కూడా కురవదు. మా తాతగారి మీద ఒట్టు!"

తాతగారు పోయి చాలాకాలమైంది కాబట్టి ఆయనకొచ్చిన నష్టమేమీ లేదు.

ఓడిపోతే నడి వానాకాలంలో వీధిన పడాలి. అయినా న్యాయాధికారి పిలిపిస్తే వచ్చిన నీలాలు తొణకలేదు.

"అద్దె నేను తినెయ్యలేదు బాబూ. ఏ నెలది ఆ నెల ఇంటి నడిమధ్య గంపలో పోసి ఉంచాను. కురవని ఇల్లే కదా, ఎక్కడికీ పోదు. ఇప్పుడే వచ్చి తీసుకెళ్లమనండి."

ధర్మలింగంగారు సంబరంగా బండి కట్టించుకుని బయల్దేరారు. వెనకాలే న్యాయాధికారి. తీరా చూస్తే గంపలో తడి తప్ప ఏమీ లేదు.

"ఉప్పేదే?" అని అరిచారు ధర్మలింగంగారు.

"ఉండాలి కదా బాబూ, కురవని ఇల్లాయె!"

"ఇంత వాన పైనుంచి కారుతుంటే ఉప్పు కరిగిపోదటే, బుద్ధిలేనిదానా!"

అప్పుడే న్యాయాధికారి బట్టతల మీద కూడా ఓ చుక్క పడింది. ఆయన తుడుచుకుని, వెంటనే ఇంటికి కొత్త తాటాకు కప్పు నేయించమని తీర్పు చెప్పాడు.

"మరి నా అద్దో?" అన్నారు ధర్మలింగంగారు ఏడుపు గొంతుతో.

"నేనిచ్చేశాను, మీ కప్పు కరిగించేసింది," అంది నీలాలు. "పైకెక్కి దాన్నే అడగండి బాబూ."