బొమ్మలు చీర మార్చుకున్న రోజు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్ళు ఉడుక్కుంటారు గనక చెప్పను, కీర్తివల్లభుడనే రాజుండేవాడు. ఆయనకు మర్యాద అంటే పంచప్రాణాలు. గదిలో ఒక్కడే ఉన్నా భుజం మీది ఉత్తరీయం జారనిచ్చేవాడు కాదు.

ఒకనాడు కొత్తగా కొన్న ఎత్తైన ఏనుగెక్కి ఊరేగుతుంటే, అంగడివీధి మండపం స్తంభాల మీది నాట్యకత్తెల బొమ్మలు సరిగ్గా ఆయన ముఖానికి ఎదురొచ్చాయి. పద్దెనిమిది బొమ్మలు. ఒక్కదాని ఒంటిమీదా నూలుపోగు లేదు.

రాజు కళ్ళు మూసుకుని, "చెక్కినవాణ్ణి పిలవండి" అన్నాడు.

ముసలి శిల్పి అక్కోజు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మూడు రోజుల్లో నీ ఉలితోనే వీటిని చదును చెయ్యి."

అక్కోజు తిన్నగా ఆస్థానంలో చమత్కారి అని పేరుపడ్డ బొప్పన ఇంటికి పోయి భోరుమన్నాడు. "అయ్యా, పన్నెండేళ్ళు చెక్కాను. నా చేత్తో నేనే ఎట్లా కొట్టేది?"

"ఏడవకు. ఇంటికెళ్ళి ఆ ఉలి దాచిపెట్టు" అన్నాడు బొప్పన.

మర్నాడు సభలో, "ప్రభూ, స్తంభాలు కొడితే పైకప్పు నెత్తిన పడుతుంది. చీరలు కట్టిస్తే సరిపోదా?" అన్నాడు. రాజుకు అది భేషుగ్గా తోచింది.

కట్టించారు. అంతవరకూ ఆ బొమ్మలకేసి కన్నెత్తి చూసిన పాపాన ఎవరూ పోలేదు. వంకాయలమ్మే నూకాలమ్మ గంప కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు మొదటి బొమ్మ చేతికి తగిలించి, దాని కిందే కునుకు తీసేది. ఇప్పుడేమో పొరుగూళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వస్తున్నారు. లోపలేముందని ఒకడు, కుచ్చెళ్ళు సరిగా ఉన్నాయా అని ఇంకొకడు వంగి వంగి చూడడం. రాజు కాపలా పెట్టాడు. కాపలావాళ్ళు వచ్చిన రోజే నాలుగు చీరలు ఊడాయి.

వారం తిరిగేసరికి బొప్పన మళ్ళీ వచ్చాడు. "ప్రభూ, గుళ్ళో దేవతలకైనా మాసిన చీర తీసి ఉతికింది కడతారు. మన బొమ్మలు వారంగా అవే చీరల్లో ఉన్నాయి. ఇదేం మర్యాద?"

మర్యాద అనేసరికి రాజు కంగారుపడ్డాడు. "మార్పించు. తెర కట్టించు. ఎవరూ చూడొద్దని దండోరా వేయించు."

"రేపు పొద్దున మండపం బొమ్మలు చీరలు మార్చుకుంటాయి, ఎవరూ చూడరాదహో" అని దండోరా మోగింది. ఇంకేముంది, తెల్లారేసరికి ఊరు ఊరంతా అక్కడే. ఈ అల్లరికి రాజు ఈసారి బొమ్మల్ని నిజంగానే కొట్టించేస్తాడని అక్కోజు హడలిపోయాడు.

ఎవరూ చూడకుండా చూడడానికి రాజు స్వయంగా వచ్చాడు. తెర బిగువుగా కట్టారో లేదోనని ఒక మూల ఎత్తి, తల లోపల పెట్టాడు. ఎంతసేపటికీ బయటికి తీయలేదు.

బొప్పన వెనక నిలబడి నెమ్మదిగా అన్నాడు. "ప్రభూ, ఇన్నేళ్ళూ వీటిని ఎవరూ చూడలేదు. చీర కట్టిన వారంలో రాజ్యమంతా చూసింది. ఇప్పుడు తమరూ తీరిగ్గా చూశారు. ఇంకెవరి కంట పడకుండా కట్టమంటారు?"

తెర లోపలినుంచి ముందు దగ్గు వినిపించింది, తరవాత నవ్వు. రాజు తల బయటికి తీసి పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం బొప్పనకిచ్చి, చీరలన్నీ అంగడి ఆడవాళ్ళకు పంచమన్నాడు. బొమ్మల జోలికి ఎవరూ పోకూడదన్నాడు.

మర్నాడు అక్కోజు భయం భయంగా మండపానికి వెళ్ళాడు. బళ్ళు లేవు, జనం లేరు. నూకాలమ్మ పట్టంచు చీర కట్టుకుని, చుట్టకుదురు బొమ్మ చేతికి తగిలించి, దాని కింద గుర్రుపెడుతోంది. తన బొమ్మల్ని ఎవరూ చూడకపోతే ఇంత హాయిగా ఉంటుందని ఆ ముసలాయన ఏనాడూ అనుకోలేదు.