మంచు కింద పొద

రిగ్జిన్ నాటిన మొక్క చచ్చిపోవడం ఆ బౌద్ధారామంలో ఎవరూ ఎరగరు. హిమాలయాల్లో అంత ఎత్తున ముల్లంగి, బఠాణీ పండించిన భిక్షువు అతను. అందుకే కనుమ దగ్గరి పసుపుపూల పొదల్ని కాపాడే పని అడిగి మరీ తీసుకున్నాడు.

మోకాలెత్తు పొదలవి. చుట్టుపక్కల ఇంకే కొండ మీదా లేవు. బాటసారులు పొయ్యిలోకి నరుక్కుపోగా మిగిలినవి పద్నాలుగే.

మొదటి మంచు పడగానే రిగ్జిన్ చీపురు పట్టుకుని పైకెళ్లాడు. పేరుకున్న మంచును కొమ్మ విరగకుండా దులిపాడు. నెల రోజులు అదే పని. అయినా దులిపిన పొదల ఆకులు నల్లబడి ముడుచుకుపోయాయి. నాలుగు పొదలు చచ్చిపోయాయి.

అతను వెళ్లి గురువు యెషే లామా దగ్గర మొరపెట్టుకున్నాడు. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదని, తను సగం దులిపేలోపే మళ్లీ మంచు పడుతోందని, ఇంకో ముగ్గుర్ని తోడిస్తే మిగతా పదీ బతికించి తీరతానని చెప్పాడు.

మర్నాడు పొద్దెక్కాక గురువు కర్ర తీసుకుని అతని వెంట బయల్దేరాడు.

పైన చలిగాలి ఒళ్లు కోసేస్తోంది. రిగ్జిన్ చీపురు ఎత్తబోతే గురువు ఆపి, చేతి తొడుగులు తీసేయమన్నాడు. ఇంకా దులపని పొద ఒకటి చూసి, దాని పక్కన మంచులో కర్రతో కన్నం చేశాడు. శిష్యుడి కుడిచేతిని అందులోంచి కొమ్మల కిందికి, మట్టి తగిలేదాకా దూర్చాడు. ఎడమచేతిని గాలిలోకి చాపమన్నాడు. తను పక్కనే రాతి మీద తీరిగ్గా కూర్చున్నాడు.

కాసేపటికి అడిగాడు.

"ఏ చెయ్యి దాచుకోవాలనిపిస్తోంది?"

"ఎడమది," అన్నాడు రిగ్జిన్. దాని వేళ్లు అప్పటికే మొద్దుబారాయి. మంచు కిందున్న కుడిచేతి వేళ్లు ఇంకా కదులుతున్నాయి.

నిన్న తను శుభ్రంగా దులిపి వెళ్లిన పొద వైపు చూశాడు. లేచి వెళ్లి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, దోసిళ్లతో మంచు ఎత్తి పోయడం మొదలుపెట్టాడు. మూడు దోసిళ్లు పోశాక చేతులు ఆగాయి.

"ఎంత పోయాలి గురువుగారూ?"

గురువు కర్ర ఊతంతో లేచాడు.

"నువ్వు తీసినంత."