పేరిశాస్త్రి పంతం

బాపట్లలో పేరిశాస్త్రి అనే నాటక రచయిత ఉండేవాడు. ఆయన కలం ఎంత గొప్పదో, తను రాసినదాంట్లో ఒక్క అక్షరం మారినా సహించలేని పంతమూ అంత గొప్పది.

రిహార్సలు జరుగుతుంటే చేతిలో పుస్తకం పట్టుకుని నటుల ఎదురుగా కూర్చునేవాడు. ఎవరైనా తడబడితే విసనకర్ర తిప్పి నేలకేసి కొట్టేవాడు.

"అక్కడ కామా పెట్టానయ్యా! కామా అంటే ఊపిరి తీసుకోమని. నీకు తోచినచోట ఊపిరి తీసుకోవడానికి ఇది నీ నాటకమా?" అనేవాడు.

ఆయన రాసినవాటిలో గొప్పది 'వీరమ్మ సాక్ష్యం'. కన్నకొడుకు నేరం చేస్తే, ఆ తల్లే కోర్టుకు వెళ్ళి వాడికి వ్యతిరేకంగా నిజం చెబుతుంది. ఆ కథ రాస్తున్నన్నాళ్ళూ పేరిశాస్త్రి కళ్ళు తుడుచుకుంటూనే రాశాడు. కాని రంగస్థలం మీద ఆ నాటకానికి చప్పట్లు వచ్చేవి గాని కన్నీళ్ళు వచ్చేవి కావు. అదెందుకో ఆయనకు అంతుపట్టేది కాదు. నటులు సరిగా పలకడం లేదనుకుని ఇంకా గట్టిగా కేకలు వేసేవాడు.

ఒకసారి కొడుకు వేషం కట్టిన పార్థసారథి ఆవేశంలో "అమ్మా, నన్ను క్షమించు!" అన్నాడు. పుస్తకంలో ఉన్నది "జననీ, క్షమింపుము!" అని. పక్కన తెర చాటునున్న పేరిశాస్త్రి ఒక్క ఉదుటున వేదిక మీదికి వచ్చేశాడు.

"జననీ! జననీ అను!" అని గద్దించాడు.

జనం గొల్లుమన్నారు. జడ్జి వేషగాడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. పార్థసారథి మాత్రం నవ్వలేదు. నెత్తిన పెట్టుకున్న విగ్గు తీసి పేరిశాస్త్రి చేతిలో పెట్టాడు.

"మీ మాటలు మీరే చెప్పుకోండి, గురువుగారూ!" అని దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు నటులంతా జారుకున్నారు. వేరే నాటక సమాజాలవాళ్ళు కూడా ఆయన నాటకాల జోలికి పోవడం మానేశారు. అచ్చేసిన పుస్తకాలు కట్టలుగా అటకెక్కాయి. "నా స్థాయి నటులు ఈ కాలంలో లేరు" అని పేరిశాస్త్రి సరిపెట్టుకున్నాడు. కాని సాయంత్రాలు నాటకాల హాలు వైపు నుంచి హార్మోనియం వినబడితే లేచి కిటికీ మూసేవాడు.

అలా ఏళ్ళు గడిచాయి. ఒకనాడు కోరుట్ల నుంచి రాజలింగం అనే బడిపంతులు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఎక్కువ. ఆయన వాళ్ళచేత నాటకాలు ఆడించేవాడు.

"సార్, మీ వీరమ్మ నాటకం మా లైబ్రరీల దొరికింది. సదివి కథ చెప్తే మా ఆడోళ్ళంత ఏడ్సిన్రు. మేం ఆడుతం. మీరు ఒప్పుకోవాలె" అన్నాడు.

పేరిశాస్త్రి ముఖం విప్పారింది. "తప్పకుండా ఆడండి! అక్షరం మార్చకుండా ఆడండి" అన్నాడు.

రాజలింగం తల దించుకున్నాడు. కాని అబద్ధం చెప్పలేదు.

"మాటలు మారుతయి సార్. మీ మాటలు మావోళ్ళ నోట్ల తిరుగయి. మా దిక్కు ఎట్ల మాట్లాడుతరో గట్లనే ఆడుతం."

"అయితే వద్దు!" అని పేరిశాస్త్రి విసురుగా లేచాడు. "ఆ మాటలు మార్చడమంటే నా బిడ్డ ముక్కు చెవులు కోయడమే!"

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య జోగమాంబ నెమ్మదిగా అంది: "అటక మీద మీ బిడ్డను చెదపురుగులు తింటున్నాయి. అక్షరం మార్చకుండా, అక్షరం వదలకుండా మీ నాటకాన్ని చదువుతున్నవి ఇప్పుడు అవే."

పేరిశాస్త్రి అటక వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

రాజలింగం చేతులు జోడించాడు. "ఒక్కసారి వచ్చి సూడుండ్రి సార్. ముందల కూసోండ్రి. నచ్చకుంటే చెయ్యెత్తుండ్రి. నేను తెర దించేస్త. మళ్ళ మీ నాటకం ముట్టం."

ఆ షరతు పేరిశాస్త్రికి నచ్చింది. వెళ్ళి, మొదటి మాటకే చెయ్యెత్తి రావచ్చుననుకున్నాడు.

కోరుట్లలో బడి ఆవరణలో వేదిక కట్టారు. సాయంత్రమయ్యేసరికి పనులు ముగించుకుని, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు తీర్థానికి వచ్చినట్టు వచ్చారు. పేరిశాస్త్రిని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తెర పక్కన రాజలింగం తాడు పట్టుకుని నిలబడ్డాడు.

నాటకం మొదలైంది. వీరమ్మగా పోశవ్వ అనే బీడీ కార్మికురాలు వేదిక మీదికి వచ్చింది. మొదటి మాటే మారిపోయింది. పేరిశాస్త్రి పళ్ళు బిగబట్టాడు. రెండో మాటా మారింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కోర్టు రంగం వచ్చింది. జడ్జి అడిగాడు: "ఏమమ్మా, బోనులో ఉన్నది నీ కొడుకే కదా?" ఇక తన నాటకానికి ప్రాణంలాంటి వాక్యం వస్తుంది. దాన్నీ పాడుచేస్తారు! పేరిశాస్త్రి లేచి నిలబడి చెయ్యెత్తాడు.

రాజలింగం చూశాడు. పంతులు ముఖం పాలిపోయింది. తాడు వదలబోయాడు.

అంతలో వెనక నుంచి ఎవరో పేరిశాస్త్రి కండువా పట్టి గుంజారు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తిరిగి చూస్తే ఒక ముసలమ్మ!

"గట్ల లేస్తవేందయ్యా! అడ్డం రాకు, కూసో! ఆ తల్లి ఏం చెప్తదో ఇననియ్యవా?" అని కసిరింది.

తన నాటకం వినడానికి తననే అడ్డు తొలగమన్న మనిషిని పేరిశాస్త్రి అంతకుముందు చూడలేదు. ఎత్తిన చెయ్యి ఒళ్ళో పడింది. చుట్టూ చూశాడు. ఒక్కరు కూడా కదలడం లేదు. చంటిపిల్లలు సైతం ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు.

ఆయన రాసిన వాక్యం ఇది: "కన్న మమకారము న్యాయమునకు అడ్డుగోడ కారాదు, మహాప్రభూ!"

పోశవ్వ కొడుకు వైపు చాలాసేపు చూసింది. జడ్జి వైపు తిరిగింది. గొంతు పెంచకుండా అంది:

"కడుపుల పుట్టిండని కండ్లు మూసుకుంటనా, సారూ?"

జనంలోంచి ఒక్కసారిగా ఏడుపు లేచింది. వెనక ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పేరిశాస్త్రి తన చెంపలు తడుముకుని చూస్తే తడిగా ఉన్నాయి. రాసేటప్పుడు తన గుండెలో విన్న తల్లి గొంతు అదే! ఆ గొంతుకు తనే పట్టుబట్టలు కట్టి ఊపిరాడకుండా చేశాడు.

నాటకం ముగిసింది. చప్పట్లు ఆగడం లేదు. పేరిశాస్త్రి వేదిక ఎక్కి పోశవ్వ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఆ మాట ఎవరు రాశారు?" అని అడిగాడు.

పోశవ్వ తెల్లబోయింది. "మీరే గద సారూ రాసింది! నేను నోటికొచ్చినట్టు చెప్పిన, గంతే."

పేరిశాస్త్రి ఆమెకు రెండు చేతులా నమస్కరించాడు. రాజలింగాన్ని అందరి ఎదుటా కౌగిలించుకున్నాడు.

"నా నాటకాన్ని నాకే చూపించారు. ఇక అది మీది. మీ ఇష్టం వచ్చినట్టు ఆడుకోండి" అన్నాడు.

ఇంటికి రాగానే అటక మీది కట్టలు దింపి, చెదలు దులిపి, అడిగినవారికల్లా పంచాడు. "ఎవరి యాసలో వారు ఆడుకోవచ్చు" అని ప్రకటించాడు. సిక్కోలు జాలరులు ఆడారు. అనంతపురంలో వేరుశనగ రైతులు ఆడారు. పార్థసారథి కూడా తిరిగి వచ్చి, 'అమ్మా' అనే పిలుస్తూ కొడుకు వేషం కట్టాడు. ఒక ఏడాది హైదరాబాదు నాటకోత్సవంలో వేర్వేరు జిల్లాలవాళ్ళు వేర్వేరు యాసల్లో వీరమ్మను నిలబెడితే, హాలంతా లేచి నిలబడింది. ఆ రోజు పేరిశాస్త్రి చిట్టచివరి వరసలో కూర్చుని, పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఆ నాటకం మాత్రం ఇప్పటికీ ఏదో ఒక ఊళ్ళో ఆడుతూనే ఉంది. ఆయన పేరు వినని పల్లెల్లో కూడా పెద్దమనుషులు ఆ నాటకంలోని 'కడుపున పుట్టాడని కళ్ళు మూసుకుంటానా?' అనే మాటతో తగవులు తీరుస్తున్నారు.

నీతి: మనం చేసిన పని మీద మమకారం ఉండవచ్చు గాని పెత్తనం ఉండకూడదు, పదిమంది నోళ్ళలో పడ్డ మాటే పదికాలాల పాటు బతుకుతుంది.