సెలవు, ఎడమ, ఎడమ

అరకు కొండల మీద యాత్రికులు దిగే ఒక చిన్న బసలో ఝాన్సీ అనే అమ్మాయి పనిచేస్తూ ఉండేది, తెలియని విషయాన్ని తెలియదని చెప్పడమంటే ఆమెకు తల కొట్టేసినట్టు ఉండేది.

శృంగవరపుకోటలో చదువుకునే రోజుల్లో ఇంగ్లీషు క్రియల మూడు రూపాలనూ ఆమె గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. లీవ్, లెఫ్ట్, లెఫ్ట్. లీవ్ అంటే సెలవనీ, లెఫ్ట్ అంటే ఎడమనీ ఆమెకు తెలుసు. సెలవుకీ ఎడమకీ చుట్టరికం ఏమిటని ఒకసారి అనుమానం వచ్చింది. లేచి అడిగితే క్లాసంతా నవ్వుతుందని ఊరుకుంది. ఆ అనుమానం పెరిగి పెద్దదై, ఆమెతో పాటే ఉద్యోగంలో చేరింది.

బసలో ఇంగ్లీషు వచ్చినది ఆమె ఒక్కతే. జీపు నడిపే అప్పలకొండ ఆమెను చూసి తెగ మురిసిపోయేవాడు. "మా ఝాన్సమ్మ ఇంగ్లీషు ముందు దొరలైనా బలాదూరే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఒక చలికాలం ఉదయం, కలకత్తా నుంచి వచ్చిన పెద్దాయన మిత్రా గారి భార్య తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. ఆవిడకు తెలుగు రాదు.

"మై హస్బెండ్ లెఫ్ట్" అంది. తన చేతిమీద సూది గుచ్చినట్టు చూపించింది. ఝాన్సీ వెళ్ళి చూస్తే, గదిలోని పళ్ళెంలో ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అది ఇన్సులిన్ సూదని ఝాన్సీ పోల్చుకుంది. వాళ్ళ నాయనమ్మకూ చక్కెర జబ్బే. ఇంజెక్షను చేసుకుని తినకుండా తిరిగితే మనిషి ఎక్కడో ఒకచోట కళ్ళు తిరిగి పడిపోతాడని ఆమెకు బాగా తెలుసు. తెలియనిదల్లా లెఫ్ట్ ఒక్కటే. మా ఆయన వెళ్ళిపోయారని ఆవిడ చెబితే, మా ఆయన ఎడమ అని ఈమెకు వినిపించింది.

బస ముందు దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారి కాఫీ తోటల్లోకి, కుడి దారి లోయలోకి.

"బాబాయ్, ఎడం పక్కకి ఎల్లారట. తొరగా పోనియ్" అంది ఝాన్సీ. అప్పలకొండ జీపు దౌడు తీయించాడు.

ఆవిడ చేతులు ఊపుతూ "నో, నో, హి లెఫ్ట్" అంది.

"ఎస్ మేడమ్, లెఫ్ట్" అని ఝాన్సీ ధైర్యం చెప్పింది. ఆవిడ ఎంత గట్టిగా చెబితే ఈమె అంత గట్టిగా ఎడమకు చూపించింది. పాపం, ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

కాసేపటికి అప్పలకొండ తిరిగొచ్చాడు. "ఎడం పక్కంతా ఎతికీసినానమ్మా. తోటలో పనిసేసినోళ్ళు కూడా ఎవుర్నీ సూడ్లేదంట. ఆయమ్మ ఏటందో ఇంకోపాలి అడుగు."

అడిగితే ఇన్నాళ్ళ గొప్పంతా అప్పలకొండ ముందే పోతుంది. అడగకపోతే ఆ పెద్దాయన ఏమైపోతాడో. ఝాన్సీ మెట్టు దగ్గర కూర్చుని, చెవులదాకా ఎర్రబడ్డ మొహంతో అడిగింది.

"మేడమ్, లెఫ్ట్... మీనింగ్?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. రెండు వేళ్ళను మెట్టు మీద నడిపించి, గుమ్మం దాటించి, అవతలికి పంపేసింది. ఏ దిక్కో తెలియదన్నట్టు రెండు చేతులూ చాపింది.

"అయ్యో, ఎల్లిపోయారనా!" అంటూ ఝాన్సీ లేచింది. వంటింట్లోంచి చక్కెర డబ్బా, నీళ్ళ సీసా తీసుకుని ఆవిడతో పాటు జీపెక్కింది. "కుడి దారి మిగిలింది, పద బాబాయ్."

లోయ మలుపులో ఒక బండ మీద మిత్రా గారు కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. భార్యను చూసి కూడా ఎవరో అన్నట్టు చూశాడు. ఝాన్సీ చక్కెర నీళ్ళు కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. కొంతసేపటికి ఆయన తేరుకుని భార్య పేరు పలికాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుని ఝాన్సీ బావురుమంది. ఆవిడే ఆమెను దగ్గరకు తీసుకుంది.

తిరిగి వస్తుంటే అప్పలకొండ నవ్వాడు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు గదేటమ్మా. అడిగితే పోయిందేటి?"

"నా గొప్ప పోయింది బాబాయ్" అంది ఝాన్సీ.

"పోనీలే. పెద్దాయన దక్కినాడు."

ఆ రోజంతా ఝాన్సీ ఆవిడ వెంటే తిరిగి అడుగుతూనే ఉంది. వెళ్ళిపోయినా లెఫ్టే, వదిలేసినా లెఫ్టే, పళ్ళెంలో మిగిలినా లెఫ్టే. పక్కనున్న మాటలను బట్టి అర్థం పట్టుకోవాలని తెలుసుకుంది. లీవ్ అంటే వెళ్ళడం, విడవడం అని తెలిశాక, మనం వెళ్ళేముందు సెలవు అడగడం గుర్తొచ్చి ఆమెకు నవ్వొచ్చింది.

మర్నాడు దంపతుల కారు కదిలింది. గదిలో గొడుగు కనబడగానే ఝాన్సీ దాన్ని పట్టుకుని పరుగెత్తింది.

"మేడమ్, యూ లెఫ్ట్ యువర్ అంబ్రెల్లా!"

కారు ఆగింది. ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాచి గొడుగుకంటే ముందు ఝాన్సీ చెంప నిమిరింది.

నీతి: మాట నోటికి వచ్చినంత మాత్రాన మనదైపోదు. అర్థం తెలియనప్పుడు సిగ్గుపడకుండా అడిగి తెలుసుకోవాలి.